పిల్లవాడి టిక్స్, ఇంటిల్లిపాది సాధన

పిల్లవాడు పదేపదే కళ్ళు ఆర్పుతుంటే కంటి డాక్టరు దగ్గరికి, ముక్కు ఎగబీలుస్తున్నా గొంతు సవరించుకుంటున్నా చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి, మెడ విదిలిస్తుంటే ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళడం మన ఊళ్ళలో మామూలు. చుక్కల మందులూ, అలర్జీ మాత్రలూ, కళ్ళద్దాలూ అన్నీ అయ్యి, కసాపురం ఆంజనేయస్వామి మొక్కు కూడా తీరాక, ఎవరో ఒక పిల్లల డాక్టరు "ఇది కంటిదీ కాదు, గొంతుదీ కాదు, వీటిని టిక్స్ అంటారు" అని చెబుతారు. అనంతపురంలో మా ఇంట్లో కూడా వరుస ఇదే. మావాడికి ఆరో ఏట కళ్ళతో మొదలై, తరువాత మెడకు, ఆపైన గొంతుకు వచ్చింది. ఇప్పుడు వాడికి పదకొండేళ్ళు. జబ్బు సంగతి కొంత చెప్పి, దానికిచ్చే ప్రవర్తనా చికిత్సలో ఇంట్లోవాళ్ళ వంతు ఏమిటన్నది వివరంగా రాయాలని నా ఉద్దేశం. సైకాలజిస్టు ముందు కూర్చునేది వారానికి గంట. మిగిలిన గంటలన్నీ ఇంట్లోనూ బడిలోనూ గడుస్తాయి కాబట్టి ఈ చికిత్స నిలబడేదీ నీరుగారేదీ అక్కడే.

ఉన్నట్టుండి, ఒక లయ అంటూ లేకుండా, మళ్ళీ మళ్ళీ వచ్చే కదలికనో శబ్దాన్నో టిక్ అంటారు. సాధారణంగా నాలుగు నుంచి ఆరేళ్ళ వయసులో మొదలై, పది పన్నెండేళ్ళ మధ్య బాగా ఎక్కువై, ఆ తరువాత చాలామందిలో తగ్గుముఖం పడుతుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. రెండు మూడు రకాల కదలికలతో పాటు కనీసం ఒక శబ్దం కూడా ఉండి, పద్దెనిమిదేళ్ళ లోపు మొదలై, ఏడాదికి మించి సాగితే దాన్ని టూరెట్ సిండ్రోమ్ అంటారు. 1885లో తొమ్మిదిమంది రోగుల గురించి వివరంగా రాసిన ఫ్రెంచి వైద్యుడు జార్జ్ జిల్ ద లా టూరెట్ పేరు మీద వచ్చిన మాట ఇది. డాక్టరు ఈ పేరు చెప్పగానే నా భార్య అడిగిన మొదటి ప్రశ్న, "అంటే వీడు బూతులు మాట్లాడతాడా, సార్?" అని. సినిమాలు చూసి అందరూ అలాగే అనుకుంటారు గానీ, ఆ లక్షణం ఉండేది టూరెట్ ఉన్నవాళ్ళలో కూడా కొద్దిమందికే.

మందుల సంగతి వెంటనే ఎత్తకుండా డాక్టరు ముందు ప్రవర్తనా చికిత్స చేయించమన్నప్పుడు మా బావమరిదికి అస్సలు నచ్చలేదు. "నరాల జబ్బని చెప్పి, మళ్ళీ మాటలతో వైద్యం ఏంది బావా?" అన్నాడు. ఆ అనుమానంలో న్యాయం ఉంది. మెదడు లోతుల్లో కదలికలను అదుపు చేసే బేసల్ గాంగ్లియా అనే భాగానికీ, దానికి పైనున్న పొరలకూ మధ్య నడిచే వలయాల్లో వచ్చే తేడా వల్ల టిక్స్ వస్తాయని వైద్యులు చెబుతారు. పెంపకం వల్ల రావు, భయం వల్ల పుట్టవు. అయితే టిక్‌కు ముందు చాలామంది పిల్లలకు ఆ చోట ఒక రకమైన ఒత్తిడి తెలుస్తుంది, తుమ్ము వచ్చే ముందు ముక్కులో గిలిగింత పెట్టినట్లు. టిక్ చేయగానే ఆ ఒత్తిడి తీరి క్షణకాలం హాయిగా ఉంటుంది. ఆ హాయి దొరికిన ప్రతిసారీ టిక్ మరికొంత గట్టిపడుతుంది. ఒత్తిడి వచ్చినా టిక్ చేయకుండా, దానికి అడ్డుపడే వేరొక పని చేస్తూ కాసేపు నిలబడగలిగితే ఆ ఒత్తిడి దానంతటదే చల్లారుతుంది. అలా పదేపదే జరిగినప్పుడు రెండింటి మధ్య ముడి వదులవుతుంది. నేథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1973లో దీన్ని హ్యాబిట్ రివర్సల్ అనే పద్ధతిగా ప్రచురించారు. తరువాతి కాలంలో ఇంటి పరిసరాల మార్పు, ఊపిరి సాధన వంటివి కూడా కలిపి, సీబిట్ అనే పొట్టి పేరుతో పిలిచే సమగ్ర చికిత్సగా తయారుచేశారు.

2010లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో తొమ్మిది నుంచి పదిహేడేళ్ళ వయసున్న 126 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఈ చికిత్స, రెండో జట్టుకు జబ్బు గురించిన వివరణా ధైర్యమూ మాత్రమే ఇచ్చారు. పది వారాల్లో ఎనిమిది సెషన్లు. చికిత్స పొందిన జట్టులో 52.5 శాతం మందికి స్పష్టమైన మెరుగుదల కనిపించింది, రెండో జట్టులో 18.5 శాతం మందికి. ఈ అంకెలను మా బావమరిదికి చూపించినప్పుడు "అంటే సగం మందికి పని చేయలేదు కదా" అన్నాడు, అదీ నిజమే. పైగా మెరుగుదల అంటే టిక్స్ మాయం కావడం కాదు. తీవ్రతను కొలిచే స్కోరు సగటున 24.7 నుంచి 17.1కి దిగింది, అంతే. కానీ తరగతిలో పిల్లలందరూ తిరిగి చూసే స్థాయికీ, పక్కవాడు మాత్రమే గమనించే స్థాయికీ మధ్య ఉన్న తేడా ఏమిటో ఆ పిల్లవాడిని కన్నవాళ్ళకు తెలుస్తుంది. దుష్ఫలితాల బెడద పెద్దగా లేదు కనుక, అమెరికా నాడీ వైద్యుల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇతర చికిత్సల కంటే ముందు దీన్ని ప్రయత్నించమని చెప్పింది.

సెషన్లో మొదట జరిగేది టిక్‌ను ఆపడం కాదు, దాన్ని కనిపెట్టడం. మా సైకాలజిస్టు మేడమ్ మావాడిని అద్దం ముందు కూర్చోబెట్టి, మెడ విదిలింపు ఎలా సాగుతుందో మాటల్లో చెప్పమన్నారు. "మెడ పక్కకు పోతుంది" అన్నాడు. "దానికి ముందు?" అన్నారావిడ. కాసేపు చూసుకొని, "ముందు చెవి కింద బిగిసినట్లుంటుంది, తరువాత కుడి భుజం కొంచెం లేస్తుంది, అప్పుడు గడ్డం పైకి పోయి మెడ తిరుగుతుంది" అన్నాడు. ఆ భుజం సంగతి, ఇన్నేళ్ళుగా వాడి పక్కనే ఉన్న మాకెవరికీ తెలియదు. తరువాత మామూలు కబుర్లు చెప్పుకుంటూ, టిక్ వచ్చినప్పుడల్లా వాడు వేలు ఎత్తాలి. వాడు గమనించకపోతే ఆవిడ ఎత్తుతారు. మొదట్లో ఆవిడ వేలే ఎక్కువగా లేచేది. పోనుపోను టిక్ రాకముందే, చెవి కింద బిగుతు తెలియగానే, వాడి వేలు లేవడం మొదలైంది. ఆ దశకు వచ్చాకే ఎదురు కదలిక నేర్పించారు: గడ్డాన్ని కొంచెం కిందికీ లోపలికీ తెచ్చుకొని, చూపు ఎదురుగా నిలిపి, మెడ కండరాలను మెల్లగా బిగించి ఒక నిమిషం పాటు, అప్పటికీ ఒత్తిడి తగ్గకపోతే తగ్గేవరకూ అలాగే ఉండటం. గొంతు శబ్దానికైతే నోరు మూసుకొని ముక్కుతో నెమ్మదిగా, పొట్ట కదిలేలా ఊపిరి తీసి వదలడం. ఎదురు కదలిక ఏదైనా సరే టిక్‌తో కలిసి చేయడానికి వీలు లేనిదై ఉండాలి, పదిమందిలో చేసినా ఎవరి కంటా పడనిదై ఉండాలి, పుస్తకమో పెన్నో పక్కన పెట్టకుండా చేయగలిగేదై ఉండాలి. ఏది వాడికి కుదురుతుందో చూసి, ఇద్దరూ కలిసి సరిచేసుకుంటారు. ఇంటర్నెట్‌లో చూసి మనమే నిర్ణయించి పిల్లవాడి మీద రుద్దితే ఆ రెండు రోజులే జరుగుతుంది.

ఏ టిక్‌తో మొదలుపెట్టాలన్న దగ్గర మాకూ వాడికీ తేడా వచ్చింది. నొప్పి పెడుతుందన్న భయంతో మేము మెడ అన్నాం, వాడు గొంతు అన్నాడు. పద్యం అప్పజెప్పేటప్పుడు మధ్యలో వచ్చే శబ్దానికి వెనక బెంచీవాళ్ళు నవ్వుతారట. మేడమ్ ఒక పట్టిక గీయించి, ఒక్కొక్క టిక్ తనను ఎంత ఇబ్బంది పెడుతోందో సున్నా నుంచి పది వరకు అంకె వేయమన్నారు. గొంతుకు తొమ్మిది, మెడకు ఐదు వేశాడు. చేయవలసిన సాధన వాడిది కాబట్టి వాడి పట్టిక ప్రకారమే గొంతుతో మొదలుపెట్టి, తరువాతే మెడకు వచ్చారు. ఇది నాకు చాలా సబబుగా తోచింది.

ఇక ఇంటి సంగతి. మేడమ్ మాకొక కాగితం ఇచ్చి, టిక్స్ ఎక్కువైన ప్రతి సందర్భానికీ ఎక్కడ, ఎప్పుడు, దానికి ముందు ఏం జరుగుతోంది, తరువాత ఎవరు ఏమన్నారు, ఏం చేశారు అని రాయమన్నారు. కొద్ది రోజులు రాసేసరికి ఇల్లంతా ఆ కాగితం మీద కనిపించింది. బడి నుంచి వచ్చిన మొదటి గంట, టీవీలో క్రికెట్ మ్యాచ్ చివరి ఓవర్లు, లెక్కల హోంవర్కు, చుట్టాలు వచ్చిన రోజు, ఇవి టిక్స్ పెరిగే సమయాలు. గొంతు శబ్దం వినగానే మా అమ్మ గ్లాసుతో నీళ్ళు తెచ్చి వీపు నిమురుతుంది. చెల్లెలు అచ్చం అలాగే శబ్దం చేసి చూపిస్తుంది. లెక్కల మధ్యలో మెడ ఎక్కువైతే "సరేలే, మిగిలినవి రేపు చేసుకుందువులే" అని వాళ్ళమ్మ పుస్తకం మూసేస్తుంది. వీటిలో ఏదీ టిక్‌కు పుట్టుక కాదు, వాడు కావాలని చేస్తున్నాడన్న అర్థం అంతకంటే కాదు. ముద్దు గానీ, వెక్కిరింత గానీ, లెక్కల నుంచి విడుదల గానీ, టిక్ తరువాత ఏదో ఒకటి తప్పకుండా జరుగుతుంటే ఆ సమయంలో టిక్ పెరుగుతుందన్నంత వరకే.

మార్చినవి చిన్న చిన్న విషయాలే. బడి నుంచి రాగానే హోంవర్కు అనకుండా గంటసేపు బయట ఆడుకోనివ్వడం, లెక్కలను నాలుగేసి చొప్పున విడగొట్టి మధ్యలో విరామమివ్వడం. ఆ విరామం గడియారం చూసి ఇవ్వాలే తప్ప టిక్ చూసి ఇవ్వకూడదు, కిటుకంతా అందులోనే ఉంది. చెల్లెలికి విడిగా కూర్చోబెట్టి చెబితే, దాని మానాన అది మానేసింది. అన్నిటికంటే కష్టమైనది మా అమ్మ విషయం. "బిడ్డ అట్ల అవస్థ పడుతుంటే చూసీ చూడనట్టు ఎట్లుండేదిరా?" అని నన్ను నిలదీసింది. ఆమెను ఊరుకోమనడం కంటే ఆమెకొక పని అప్పజెప్పడం మేలని మేడమ్ సలహా ఇచ్చారు. సాయంత్రం సాధన వేళ మా అమ్మ వసారాలో చెనక్కాయలు వలుస్తూ కూర్చుంటుంది, వాడు పక్కన కూర్చొని బడి కబుర్లు చెబుతూ ఎదురు కదలిక సాధన చేస్తాడు. టిక్ వచ్చినప్పుడు జేజి చేతులు వలుస్తూనే ఉండాలి. వాడు ఊపిరి సాధన సరిగ్గా చేసినప్పుడు మాత్రం తలెత్తి "బాగ చేసినావు నాయనా" అనాలి. మొదటి సాయంత్రాల్లో శబ్దం రాగానే ఆమె చేతిలో కాయ ఆగిపోయేది, కళ్ళు వాడి వైపు తిరిగేవి. కొన్నాళ్ళకు చేయి ఆగడం మానేసింది. ఆ మెచ్చుకోలు విషయంలో మాత్రం మా అందరికంటే ఆమెకే అందె వేసిన చేయి.

గుర్తుచేయడం కూడా చికిత్సలో భాగమే గానీ, అది ఎలా చేస్తామన్నది ముఖ్యం. "మెడ! మెడ!" అని ఇంటిల్లిపాదీ అరిస్తే అది కాపలా అవుతుంది. సాధన సమయంలో వాడు మరచిపోతే నేను బల్ల మీద రెండుసార్లు వేలితో తట్టాలని వాడే నియమం పెట్టాడు, సాధన అయిపోయాక ఎవరూ ఏమీ అనకూడదన్న షరతు కూడా వాడిదే. బహుమతి కూడా సాధనకే: చెప్పిన సమయానికి కూర్చుంటే చాలు, ఆ రోజు టిక్స్ పది వచ్చినా వంద వచ్చినా క్యాలెండర్లో ఒక టిక్కు మార్కు పడుతుంది (ఆ మాట మీద జోకు వాడే వేశాడు). వారమంతా మార్కులు పడితే ఆదివారం పొద్దున ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ వాడు చెప్పిన బండి దగ్గరే తింటాం. టిక్స్ తగ్గినందుకు బహుమతి ఇస్తామంటే, తన చేతిలో లేనిదానికి పందెం కట్టినట్లవుతుంది.

పెళ్ళిళ్ళకూ జాతరలకూ వెళ్ళినప్పుడు చుట్టాల ప్రశ్నలు తప్పవు. దిష్టి తీయించమనేవాళ్ళూ, పెనుకొండ బాబయ్య దర్గాలో తాయెత్తు కట్టించమనేవాళ్ళూ మంచి మనసుతోనే చెబుతారు, వాళ్ళతో వాదన పెట్టుకోనక్కరలేదు. పిల్లవాడి ఎదుట ఆ చర్చ సాగనివ్వకూడదు, అంతే. టిక్స్ గురించి మాట్లాడుతుంటేనే టిక్స్ ఎక్కువవుతాయి, ఇది ఏ తల్లినడిగినా చెబుతుంది. మావాడు తనకు తానే ఒక సమాధానం తయారుచేసుకున్నాడు: "నాకు టిక్స్ ఉన్నాయి మామా, అంటుకోవులే." నూటికి తొంభైమంది అక్కడితో ఆగిపోతారు.

నేను ఉపాధ్యాయుణ్ణి కాబట్టి బడి గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. మావాడు చదివిన ఒక బడిలో, శబ్దం చేస్తున్నాడని తరగతి బయట నిలబెట్టేవారు. ఆ శిక్షలోని అన్యాయం సరే, అది పనికిరాని పని కూడా: బయట నిలబడినంతసేపూ పాఠం తప్పుతుంది, సిగ్గుతో టిక్స్ పెరుగుతాయి, లోపల ఉన్న నలభైమందికీ వీడిలో ఏదో తప్పుందని ఉపాధ్యాయుడే ప్రకటించినట్లవుతుంది. ఇప్పటి బడిలో సంవత్సరం మొదట్లోనే క్లాస్ టీచరుకు డాక్టరు చీటీతో పాటు ఒక పేజీ ఉత్తరం ఇచ్చాం. టిక్స్ వచ్చినప్పుడు పట్టించుకోవద్దని, ముందు వరుస మధ్యలో కాకుండా పక్కగా, అందరి చూపూ పడని చోట కూర్చోబెట్టమని, వాడు అడిగితే నీళ్ళ నెపంతో రెండు నిమిషాలు బయటికి పోనివ్వమని, గట్టిగా చదవడానికి పిలిచే ముందు వాడి ఇష్టం కనుక్కోమని అందులో రాశాం. రాతపరీక్షలో కళ్ళూ మెడా సహకరించక వెనకబడే పిల్లలకు అదనపు సమయం అడగడంలో మొహమాటం అక్కరలేదు. ఆ టీచరమ్మ మేము అడగని మరొక పని చేసింది. మావాడి అనుమతితో, వాడు సెలవు పెట్టిన రోజున తరగతికి రెండు ముక్కల్లో విషయం చెప్పింది. వెనక బెంచీ నవ్వులు పూర్తిగా కాకపోయినా చాలావరకు సద్దుమణిగాయి.

చాలామంది తల్లిదండ్రులు అడిగేది ఇంకొకటి ఉంది: బడిలో బిగపట్టుకొని ఉంటే ఇంటికొచ్చాక రెట్టింపై బయటపడదా, ఒక టిక్‌ను అణచితే ఇంకొకటి పుట్టదా అని. పిల్లలను కూర్చోబెట్టి పరీక్షగా చూసిన అధ్యయనాల్లో అణచడం వల్ల తరువాత టిక్స్ మామూలును మించి పెరిగిన దాఖలా కనబడలేదు. ఒకదానికి చికిత్స చేస్తే దాని బదులు మరొకటి వస్తుందన్న దానికీ ఆధారం లేదు. సాయంత్రం పెరగడానికి అలసట చాలు. వారాల తరబడి పెరగడం, తరగడం ఈ జబ్బుకు సహజం కాబట్టి, ఒక మంచి వారాన్ని చూసి పొంగిపోయినా, ఒక చెడ్డ వారాన్ని చూసి చికిత్స మానేసినా లెక్క తప్పుతుంది.

మందులకు నేను వ్యతిరేకిని కాను. నొప్పి పుట్టించేంత తీవ్రంగా ఉన్నప్పుడు, పిల్లవాడు మరీ చిన్నవాడై ఒత్తిడిని పసిగట్టలేనప్పుడు క్లోనిడిన్, అరిపిప్రజోల్, రిస్పెరిడోన్ వంటివి డాక్టర్లు వాడతారు. మగత, బరువు పెరగడం వంటివి గమనించుకోవాలి. రెండూ కలిపి నడిచే పిల్లలూ ఉన్నారు. టిక్స్‌తో పాటు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం) గానీ, ఓసీడీ (వదలని ఆలోచనలు, చేసిందే చేయడం) గానీ ఉండటం చాలా సాధారణం, చదువునూ నిద్రనూ చెడగొట్టేది ఎక్కువగా అవే. కాబట్టి వాటిని కూడా పరీక్షించమని అడగాలి.

అనంతపురం లాంటి చోట అసలు చిక్కు ఈ చికిత్స తెలిసినవాళ్ళు దొరకడం. ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగంలో నిర్ధారణ చేయించుకోవచ్చు. ఆపైన బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది, హైవే మీద రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు. ప్రతి వారం అంత దూరం పోవడం జీతగాళ్ళకు, కూలి పనులు చేసుకునేవాళ్ళకు అయ్యే పని కాదు. మేము మొదటి సెషన్లకు నేరుగా వెళ్ళి, తరువాతవి వీడియో కాల్ మీద సాగించాం. అది రెండో రకం చికిత్సేమీ కాదు. 2021లో ఇంగ్లండులో వెలువడిన అధ్యయనంలో 224 మంది పిల్లలతో ఇలాంటి చికిత్సనే ఇంటర్నెట్ ద్వారా, చికిత్సకుల అండతో నడిపి మంచి ఫలితం చూశారు. సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే భారత పునరావాస మండలిలో (ఆర్‌సీఐ) నమోదయ్యారా, టిక్స్‌కు హ్యాబిట్ రివర్సల్ చేసిన అనుభవం ఉందా, తల్లిదండ్రులను సెషన్లో కూర్చోనిస్తారా అని అడిగితే చాలు. మూడో ప్రశ్నకు కాదంటే నేనైతే వేరొకరిని వెతుక్కుంటాను. ఎక్కడికి పోవాలో దిక్కుతోచనివాళ్ళు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. నెలలో పూర్తిగా నయం చేస్తామని గ్యారంటీ రాసిచ్చేవాళ్ళను మాత్రం గుమ్మం ఎక్కనివ్వవద్దు.

మావాడి గొంతు శబ్దం ఇప్పుడు బడిలో దాదాపు వినపడదు. మెడ సగానికి తగ్గింది. దసరా సెలవుల తరువాత భుజం ఎగరేయడం కొత్తగా వచ్చింది. ఈసారి దాన్ని ముందుగా చెప్పింది వాడే, పట్టికలో కొత్త గీత గీసి అంకె వేసిందీ వాడే. మోచేతిని నడుముకు ఆనించి భుజాన్ని కిందికి దించి పట్టుకుంటే ఆగుతోందని కనిపెట్టాడు, కాకపోతే రాసుకునేటప్పుడు కుడిచేతికి అది కుదరడం లేదు. వచ్చే వీడియో సెషన్లో మేడమ్‌ను అడగవలసిన మొదటి విషయం అదే.